మేకు కొట్టిన చోటు

మా ముత్తాత నేరెళ్లపాటి సీతాపతిగారు. ఆయన కొడుకు, మా తాత, రాఘవయ్యగారు. అమృతలూరు వైపు మా పొలం గట్టు ఎక్కినవాడు పక్క ఊరి పొలిమేర చేరేదాకా మా గట్ల మీదే నడిచేవాడని పెద్దవాళ్ళు చెప్పేవారు. తెనాలిలో మా ఇంటి వెనక దొడ్లో మా ముత్తాత ఒక నాటకాల పాక వేయించారు. ఆ పాక మొత్తానికి కుర్చీ ఒక్కటే ఉండేది. టేకుది, చేతుల చివర సింహం తలలు చెక్కినది. దాన్ని ముందు భాగంలో, సరిగ్గా మధ్యన, జానెడెత్తు చెక్క పీఠం మీద వేసేవారు. ఆయన వచ్చి అందులో కూర్చునేదాకా తెర లేచేది కాదు. మిగిలిన వాళ్ళు, ఎంత పెద్దమనుషులైనా సరే, చాపల మీదే. ఇది గొప్ప కోసం రాయడం లేదు. గొప్పలు చెప్పుకోవడాన్ని మా ఇంట్లో తక్కువతనంగా ఎంచేవారు. ఆ కుర్చీ సంగతి తెలియకపోతే మా చెల్లెలు కమల సంగతి అర్థం కాదు కనుక చెబుతున్నాను.

పోయిన నెల తెనాలిలో ఒక వడ్రంగి కొట్టు ముందు నుంచి పోతూ ఉంటే జిగురు ఉడుకుతున్న వాసన వచ్చింది. ఇప్పుడందరూ డబ్బాలో వచ్చే తెల్ల జిగురే వాడుతున్నారు. ఎవరో ముసలి వడ్రంగి పాత అలవాటు మానలేక కాబోలు, తోలు జిగురు బిళ్ళలు నానబెట్టి, నీళ్ళ గిన్నెలో గిన్నె పెట్టి, సన్నని సెగ మీద కరిగిస్తున్నాడు. తెలియనివాళ్ళు ముక్కు మూసుకునే వాసన అది. నేను మాత్రం ఆటోలూ స్కూటర్లూ హారన్లు కొడుతున్నా రోడ్డు పక్కన అలాగే నిలబడిపోయాను. మా నాన్నగారి చొక్కాల్లోంచి ఎన్నిసార్లు ఉతికినా పోని వాసన అది. నా చిన్నతనంలో ఆదివారం అంటే ఆ వాసనే.

మా తాత నాటకాల మీద ఎంత ఖర్చు పెట్టారో ఎవరూ లెక్క కట్టలేదు. ఆయన పోయేనాటికి మిగిలినవి ఇల్లు, పాక, నాటకం వెనక కట్టే బొమ్మల పరదాలు పన్నెండు, ఆ కుర్చీ. కలిగిన ఇంట పుట్టి, పరదాలు వేయడానికి వచ్చిన చిత్రకారుల పక్కన నిలబడి ముచ్చట కోసం బొమ్మలు నేర్చుకున్న మా నాన్న శేషాచలంగారు, చివరికి ఆ ముచ్చటతోనే సంసారాన్ని ఈడ్చవలసి వచ్చింది. రేపల్లెలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేరారు. పొద్దున్నే ఇస్త్రీ పంచె, భుజాన గుడ్డసంచీ, అందులో అన్నం క్యారేజీతో తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కి, సాయంత్రం అదే బండిలో తిరిగి వచ్చేవారు. బళ్ళో డ్రాయింగు పీరియడ్డంటే లెక్కల మాస్టారు అప్పు పుచ్చుకునే పీరియడ్డు. మాస్టర్ల గదిలో డ్రిల్లు మాస్టారిదీ నాన్నదీ తలుపు పక్క కుర్చీలు. ఈ మాట నాన్న ఇంట్లో ఎన్నడూ అనలేదు. ఒకసారి ఆయన వెంట బడికి వెళ్ళినప్పుడు నా కళ్ళతో చూసి, ఆ రాత్రి అన్నం సహించక లేచిపోయాను.

పాఠం చెప్పడంలో నాన్నది ఒక పద్ధతి. పిల్లల కాగితం మీద ఆయన చేయి పెట్టేవారు కాదు, గీత దిద్దేవారు కాదు. పెన్సిలు చెవి వెనక దోపుకుని, బొమ్మ వైపు కాసేపు చూసి, ఒక్కటే అడిగేవారు: "ఎక్కడ కూర్చుని చూశావురా?" కూజా బొమ్మకైనా అదే ప్రశ్న, గుడి గోపురానికైనా అదే. కూర్చున్న చోటు చెప్పలేనివాడు అసలు చూడలేదన్న మాట, ఊహించి గీశాడన్న మాట. రేపల్లె పిల్లలు ఆయనకు 'ఎక్కడ మాస్టారు' అని పేరు పెట్టారు. ఆ పేరు విని ఆయన నవ్వేవారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆదివారాలూ వేసవి సెలవులూ పాకలో పరదాల పని. పాక వెనక గోడంతా చెక్క బల్లలతో కట్టినది. కుట్టుపని చేసే మస్తాన్ గారు ముతక గుడ్డ పనాలు కలిపి కుట్టి తెచ్చిన పరదాను ఆ బల్లగోడకు బిగించేవారు. సుద్ద, జిగురు కలిపిన తెల్లటి పూత మీద పూత వేసి ఆరబెట్టేవారు. వేసవిలో పాకలోకి ముంజకాయలు వచ్చేవి. మేం ముంజలు తిని డొక్కలతో బండి కట్టుకునేవాళ్ళం. నాన్న అందులో నాలుగైదు డొక్కలు తీసుకుని వాటిలో రంగు కలుపుకునేవారు. ఒకదాంట్లో ఇటుకరాయి రంగు, ఒకదాంట్లో నీలిమందు, ఒకదాంట్లో దీపం మసి. పసుపు రంగు డొక్కలో ఈగలు పడుతుంటే మా నాయనమ్మ చీపురుపుల్లతో తీసేది. వాకిట్లో ఆవకాయ ముక్కలు తుడిచే గుడ్డలకూ నాన్న కుంచెలు తుడుచుకునే గుడ్డలకూ తేడా తెలియక అమ్మ ప్రతి ఏడూ ఒకసారి కేకలు వేసేది.

ఇక మేకు. బల్లగోడలో, కుర్చీలో కూర్చున్న మా ముత్తాత కంటి ఎత్తున, సరిగ్గా మధ్యన ఒక చిల్లి ఉండేది. ఏ పరదా మొదలుపెట్టినా గుడ్డలోంచి ఆ చిల్లిలోకే మేకు దిగాలి. దానికి నూలుదారం కట్టి, దారానికి నీలిమందు పొడి పట్టించి, బిగలాగి, వేలితో మీటి వదిలితే సన్నని నీలి గీత పడేది. దర్బారు పరదాలో స్తంభాల వరుసలూ, నేల మీది పలకలూ, పైకప్పు దూలాలూ అన్నీ ఆ మేకు దగ్గర నుంచి బయలుదేరినవే. మూడు తరాలుగా మేకు అదే చిల్లిలో దిగుతూ వచ్చింది. దేవుడి గదిలో దీపం ఎక్కడ పెట్టాలో ఎవరూ అడగనట్టే, మేకు ఎక్కడ కొట్టాలో మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

పరదా పూర్తయ్యాక 'చూపు' జరిగేది. ఇంటి పెద్ద కుర్చీలో కూర్చుని చూసి, తల ఊపాలి. ఊపితే పరదా చుట్టి బండెక్కించేవారు. లేకపోతే కడిగి మళ్ళీ వేయడమే. తాత పోయాక నాన్న ఆ కుర్చీలో కూర్చోలేదు. "వేసినవాడే చూపు చూడకూడదమ్మా" అన్నారు. అప్పుడు నాయనమ్మ నన్ను రెక్క పట్టుకుని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టింది. "నువ్వు చూడరా. వంశానికి పెద్దవాడివి నువ్వే" అంది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అంతకుముందు తాత ఒళ్ళో కూర్చునే చూసేవాణ్ణి. కాళ్ళు పీఠానికి అందలేదు. అయినా వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, తల ఊపాను. అప్పటి నుంచి చూపు నాదే.

నాకు గీత రాదు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. చూపు నాది కనుక గీత ఎవరిదైనా ఒకటే అనుకునేవాణ్ణి. గీత కమలది. నాకన్నా మూడేళ్ళు చిన్న. మాట రాకముందే బొగ్గు ముక్కతో పొత్రం మీద పిల్లి బొమ్మ గీసిందని అమ్మ చెప్పేది. పిల్లలంతా కోతికొమ్మచ్చి ఆడుతుంటే ఇది కొమ్మ మీద కూర్చుని కింద వాళ్ళ నడినెత్తులు గీసేది. మస్తాన్ గారు ఒకసారి తన కుట్టుమిషను బొమ్మ చూసి, "అమ్మాయిగారూ, పెడల్ కింద నూనె కారడం గూడా ఏశారేంటండీ! ఇహ నేను రిపేరు చేయించక తప్పదు" అన్నారు.

బాపట్ల అమ్మ పుట్టిల్లు. ఏటా అక్కడికి వెళ్ళినప్పుడు ఒకరోజు బండి కట్టించుకుని సూర్యలంక సముద్రానికి పోయేవాళ్ళం. సరుగుడు తోటలు దాటగానే ఉప్పుగాలి, అమ్మమ్మ మూట కట్టిన పులిహోర, అందులో కరకరలాడే ఇసుక. ఒకసారి మేమంతా అలల్లో ఉంటే కమల ఒడ్డున కూర్చుంటోంది, లేస్తోంది, మళ్ళీ కూర్చుంటోంది. దానికప్పుడు ఎనిమిదేళ్ళు.

"ఏంటే ఆ గుంజీళ్ళు? ఏం తప్పు చేశావ్?" అన్నాను.

అది నావైపు చూడనైనా లేదు. "నాన్నా, నేను లేస్తే సముద్రం గూడా లేస్తోంది. కూర్చుంటే అదీ కూర్చుంటోంది" అంది.

నాన్న నీళ్ళలోంచి బయటికి వచ్చి, తడి పంచెతోనే దాని పక్కన ఇసుకలో కూర్చున్నారు. లేచారు. మళ్ళీ కూర్చున్నారు. నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత ఎప్పుడూ చూసేవాడి కంటి ఎత్తునే ఉంటుందని ఆయన రేపల్లెలో ఏళ్ళ తరబడి చెబుతున్న పాఠం. అది ఎవరూ చెప్పకుండా ఈ పిల్లకు తెలిసింది. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. ఉప్పునీళ్ళన్నారు అమ్మతో.

కమలకు పదకొండేళ్ళప్పుడు రేపల్లె బడి వార్షికోత్సవానికి కొత్త దర్బారు పరదా కావాలన్నారు. నాన్న ఉద్యోగం చేసే బడి. ఊరు ఊరంతా చూసే వేడుక. లెక్కల మాస్టారు అప్పు పుచ్చుకోలేని పని ఆయనకు అదొక్కటే. గుడ్డ కుట్టించి, పూతలు వేసి సిద్ధం చేసుకున్నారు. ఇంతలో ఒక పొద్దున మంచుకు తడిసిన ప్లాట్‌ఫాం మీద కాలు జారి కుడి చేయి మణికట్టు దగ్గర విరిగింది. సిమెంటు కట్టుతో ఇంటికొచ్చి, బల్లగోడ మీది తెల్ల గుడ్డ ఎదుట నిలబడ్డారు. "కమలా, దారం పట్టుకుంటావా?" అన్నారు.

నాయనమ్మ వంటింట్లోంచే అందుకుంది. "ఆడపిల్లని నిచ్చెన ఎక్కిస్తావుట్రా? పరదాకి అపచారం."

"నిచ్చెన పట్టుకోడానికి నేనున్నానుగా అమ్మా."

చివరికి నాయనమ్మ ఒక షరతు పెట్టింది. పరదా చూపులో నిలిస్తే తాతగారి కుంచెల పెట్టె కమలది. నిలవకపోతే ఇక జన్మలో పాకలో అడుగుపెట్టకూడదు. కమల సరేనంది. దానికి ఆ పెట్టె మీద ఎంత ఆశో నాకు తెలుసు. మూత వాసన చూడటానికి నాకు ఎన్ని తేగలు లంచమిచ్చిందో!

పదిహేను రోజులు పని జరిగింది. బడి నుంచి వచ్చాక, కాల్చిన తేగలు నోట్లో పెట్టుకునే కమల నిచ్చెన ఎక్కేది. నన్ను చూపు నాటిదాకా రావద్దన్నారు. అది రివాజు.

రథసప్తమి నాడు చూపు. వాకిట్లో పిడకల మీద పాలు పొంగి, పరమాన్నం చిక్కుడాకుల్లో సూర్యుడికి నివేదన అయింది. పిడకల పొగ పాకలోకి పాకి జిగురు వాసనతో కలిసింది. నేను వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. పరదా చూశాను.

రంగులు బాగున్నాయి. సింహాసనం మీది జరీ ముడతలు చేత్తో తాకాలనిపించేంత బాగున్నాయి. కానీ మేడ ఎప్పటి మేడలా లేదు. నా కంటి ముందు ఒకచోట పోగవ్వలసిన గీతలు పోగవ్వడం లేదు. స్తంభాల వరుసలు అటొకటి ఇటొకటి పోతున్నాయి. నేల చదునుగా పరుచుకుని ఉంది. దగ్గరికి వెళ్ళి వెతికాను. మధ్య చిల్లి ఎప్పటిదే, దాని మీద రంగు ఉంది. దానికి రెండు పక్కలా, బారెడు దూరాన, జానెడు కిందుగా కొత్తగా రెండు చిల్లులు కనపడ్డాయి.

"మూడు మేకులు కొట్టావా?" అన్నాను.

"చాపల మీద ఆ పక్క కూర్చున్నోళ్ళకి ఒకటి, ఈ పక్కోళ్ళకి ఒకటి, నీకొకటి" అంది కమల. ఒళ్ళంతా సుద్ద మరకలతో నిలబడి ఉంది. "ఒకటే అయితే పక్కనుంచి స్తంభాలు ఒరుగుతున్నాయి అన్నయ్యా. నేనూ అమ్మా ఎప్పుడూ ఆ మూలేగా కూర్చునేది! నాకు చిన్నప్పట్నుంచీ రాజుగారి మేడ పడిపోతుందనే భయం."

మస్తాన్ గారు నవ్వారు. "నిజమేనండోయ్. మాకూ అట్టానే కనపడేది. పెద్దోళ్ళ మేడ గదా, ఒరిగిందని ఎవరంటారు?"

నేను నవ్వలేదు. కుర్చీలోకి తిరిగి వచ్చి కూర్చున్నాను. "స్తంభాలు కుదరలేదు" అన్నాను.

కమల మూలనున్న చాప చూపించింది. "కుర్చీ దిగి ఒక్కసారి ఇక్కడ కూర్చుని చూడు. ఒక్కసారి."

"మన వాళ్ళెవరూ కింద కూర్చుని చూడలేదు" అన్నాను.

ఆ మాట నాకు ఇప్పటికీ నా గొంతుతోనే వినిపిస్తుంది. అందులో కోపం లేదు, అసూయ కూడా లేదనే అనుకుంటాను. నా పని నేను చేస్తున్నాననుకున్నాను. పొలాలు పోయాయి, పేరు పోయింది, నాన్న తలుపు పక్కన కూర్చుంటున్నారు. మేకు ఒక్కటే కదలకుండా ఉంది. దాన్నీ కదిలిస్తే ఇంకేం మిగులుతుంది? నాన్న వైపు చూశాను. ఆయన కట్టు కట్టిన చేతిని ఎడమ చేత్తో పట్టుకుని నిలబడ్డారు. కమలకు మూడు మేకుల అనుమతి ఇచ్చింది ఆయనే అయి ఉండాలి. ఒక్క మాట ఆయన అంటే సరిపోయేది. చూపు చూసేవాడి మాటకు అడ్డం రాకూడదన్నది కూడా మా రివాజే. ఆయన అనలేదు.

నాయనమ్మ మాత్రం షరతు విషయంలో అంత తొందరపడలేదు. "కడిగి మళ్ళీ వేసి ఇస్తే పెట్టె సంగతి చూద్దాంలే" అంది. కమల స్తంభాల మేరకు గుడ్డ తడిపి కడిగింది. ఆ రెండు చిల్లులూ సుద్దతో పూడ్చింది. ఒక్క మేకు మీద, ఒక్క గీత తప్పు పోకుండా, మా ముత్తాతే పక్కన ఉండి వేయించినట్టుగా అంతా నాలుగు రోజుల్లో మళ్ళీ వేసింది. ఈసారి నేను తల ఊపాను. నాయనమ్మ పెట్టె ఇచ్చింది. అది రెండు చేతులా పుచ్చుకుని, తెరవకుండానే అటక మీద పెట్టింది.

వార్షికోత్సవానికి అందరం పాసింజరులో రేపల్లె వెళ్ళాం. దారి పొడుగునా మినుము చేలు. దిగేసరికి పొద్దు వాలుతోంది. బడి ఆవరణలో ముందు వరుస కుర్చీలన్నీ కమిటీ వాళ్ళవి, ఊరి పెద్దలవి. నేను వాటి దగ్గర నిటారుగా నిలబడ్డాను. ఒక అటెండరు వచ్చి, "డ్రాయింగు మాస్టారి అబ్బాయివా? పిల్లలంతా అటు పక్క బాబూ, కూర్చో కూర్చో" అని భుజం మీద చేయి వేసి నన్ను ఎడమ మూల చాప మీదికి తోశాడు. జీవితంలో మొదటిసారి నేల మీద కూర్చుని పరదా వైపు చూశాను.

తెర లేచింది. ముందు వరుస చప్పట్లు కొట్టింది. నాకు చేతులు రాలేదు. స్తంభాలన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి. నేల గోడలా లేచి నిలబడింది. సింహాసనం జారిపోతున్నట్టుగా ఉంది. మహారాజు వేషం వేసిన పిల్లవాడు వచ్చి దాని ముందు నిలబడగానే నా పక్కనున్నవాడు, "ఒరేయ్, జరగరా రాజా! మేడ మీద పడుద్ది!" అని అరిచాడు. మా చాపలన్నీ గొల్లుమన్నాయి. ఆ రాజు పాపం, నిజంగానే ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఇంకా నవ్వారు. పక్కన గోడ దగ్గర నాన్న నిలబడి ఉన్నారు. ఆ అరుపు ఆయనకు వినపడిందని ముఖం చూస్తే తెలిసింది. కమల, అమ్మ పక్కన కూర్చుని, తల వంచుకుని, చాప ఈనెలు పీకుతోంది.

తిరుగు బండిలో కమల కిటికీకి తల ఆనించి నిద్రపోయింది, లేదా నిద్రపోతున్నట్టు ఉంది. నాన్న నా ఎదురుగా కూర్చుని, కట్టు కట్టిన చేతిని సంచీ మీద ఆనించుకున్నారు. తర్వాత, బళ్ళో పిల్లల్ని అడిగే గొంతుతోనే అడిగారు.

"ఎక్కడ కూర్చుని చూశావురా?"

"కింద, నాన్నా."

ఆయన తల ఊపారు.

చేయి బాగయ్యాక నాన్న ఎన్నో పరదాలు వేశారు, మూడు మేకుల మీద. నేను ఆ కుర్చీలో మళ్ళీ కూర్చోలేదు, చూపు అన్న రివాజు దానంతటదే ఆగిపోయింది. నాన్న ప్రతిసారీ కమలను పిలిచి మేకు ఎక్కడ కొట్టమంటావని అడిగేవారు. అది గుమ్మంలో నిలబడి గడ్డంతో చోటు చూపించి వెళ్ళిపోయేది. దారం మాత్రం మళ్ళీ పట్టుకోలేదు. పరీక్షలు ప్యాసై బాపట్లలో డ్రాయింగు టీచరైంది. దాని బడి పిల్లలు గీసిన బొమ్మల్ని నేను చూశాను. ఎవరెవరు ఎక్కడ కూర్చుని చూశారో బొమ్మలో తెలుస్తుంది. కానీ పదకొండేళ్ళప్పుడు ఆ పిల్ల కడిగేసిన స్తంభాల వంటివి దాని చేతిలోంచి మళ్ళీ రాలేదు. అది అలా అనదు, నేను అంటున్నాను.

ఇప్పుడు నాటకాలకు పరదాలు ఎవరికీ అక్కర్లేదు. వెనకాల ఫ్లెక్సీ కడతారు, లేదా వెలిగే తెర పెడతారు. ఆ ముసలి వడ్రంగి తప్ప జిగురు ఉడికించేవాళ్ళు లేరు. ముంజడొక్కల్లో రంగు కలిపేవాళ్ళు లేరు. రేపల్లె పాసింజరు ఉంది, అందులో గుడ్డసంచీ లేదు.

ఈ మధ్య పాక ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు కమలను రమ్మన్నాను. అటక మీది కుంచెల పెట్టె దింపి ఇచ్చాను. పుచ్చుకుంది. మా ముత్తాత నాటి దర్బారు పరదాను చివరిసారి బల్లగోడకు కట్టించాను. కమలకు మోకాళ్ళ నొప్పులు, కింద కూర్చోలేదు. "కుర్చీలో కూర్చో" అన్నాను. అది కాసేపు నావైపు చూసి, వెళ్ళి కూర్చుంది. నేను మూలకు పోయి, చెల్లెలూ అమ్మా కూర్చునే చోట నేల మీద కూర్చున్నాను.

"ఇక్కణ్ణుంచి బాగానే ఉందన్నయ్యా" అంది. "ముత్తాతగారి తప్పేం లేదు."

"ఇక్కణ్ణుంచి ఒరిగే ఉన్నాయి" అన్నాను.

అది నవ్వింది. "ఆ కుర్చీ దిగడానికి ఇన్నేళ్ళు పట్టిందా నీకు?"

"దిగడం రేపల్లెలోనే దిగానే. చెప్పడానికి పట్టింది."

కమల సింహం తల మీద చేయి వేసి, పరదా వైపే చూస్తూ కూర్చుంది. నేను లేవమనలేదు.

పరదాలు పన్నెండింటినీ వడ్లు ఆరబోసుకోవడానికి అమృతలూరు రైతులు కొనుక్కుని పోయారు. బల్లగోడ విప్పి కలపగా అమ్మాం. కుర్చీని తెనాలిలో ఒక కళ్యాణమండపం వాళ్ళు పెళ్ళికొడుకులు కూర్చోవడానికి కొన్నారు.